తుప్పు పుట్టే చోటికి ఒక పరిశోధకుణ్ణి ఇవ్వండి

విక్రమ సింహపురి విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి,

మైపాడు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో తిరిగే ఏరేటర్ల బోల్టులు ఎప్పుడైనా చూశారా? ఎర్రటి పెచ్చులు లేచి, స్పానర్‌కు పట్టు దొరకదు. కృష్ణపట్నం రేవైనా, నేలటూరు థర్మల్ కేంద్రమైనా ఈ ఉప్పుగాలికి ఒకటే.

తుప్పు మొదలయ్యేది కంటికి ఆనని చోట. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడే ఆక్సైడ్ పొర మందం కొన్ని నానోమీటర్లే. ఉప్పులోని క్లోరైడ్ అక్కడే సందు చేసుకుంటుంది. ఆ సందులో జరిగే చర్యను పదుల నానోమీటర్ల మొన ఉన్న గాజు గొట్టాలతో కొలుస్తున్నారిప్పుడు. ఈ పని నేర్చిన మన పిల్లలు తమిళనాడులోని కారైకుడి విద్యుత్‌రసాయన పరిశోధనా కేంద్రం వైపో, విదేశాల వైపో చూస్తారు. కారైకుడి కేంద్రం మాత్రం ఊరికే వచ్చిందా? అళగప్ప చెట్టియార్ 300 ఎకరాలు, 15 లక్షల రూపాయలు ఇచ్చారు.

మేం అడిగేది ఈ తుప్పు పరిశోధనకు ఒక్క పోస్ట్‌డాక్ కొలువు. మూడేళ్లకు తగ్గకూడదు, పొడిగింపు కోసం ఏటా ఫైలు పట్టుకుని తిరిగేవాడు పరిశోధనేం చేస్తాడు? జీతం నెలనెలా పడాలి. అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు ప్రతిపాదన పంపండి, రేవునూ విద్యుత్ కేంద్రాన్నీ వాటా అడగండి. ఖరీదైన యంత్రాలు తర్వాత కొనొచ్చు, ముందు మనిషిని తీసుకోండి.

ఇట్లు,
నెల్లూరు తీరవాసి