బిడ్డని కొలిచే ఫోను దారిని కొలవదా?

ఉపాధి పనికి హాజరు ఫోనులోనే. ఇప్పుడు బడిలో బిడ్డల వైకల్యం కనిపెట్టడానికీ ఫోనే. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 'ప్రశస్త్' అనే యాప్ తెచ్చింది. బడి పంతులు బిడ్డని గమనించి అందులో జవాబులు నొక్కుతాడు. తర్వాత ప్రత్యేక టీచరు మళ్ళీ చూస్తారు. 2016 చట్టం చెప్పిన 21 రకాల వైకల్యాల్లో ఏదో ఉందని అనుమానమొస్తే డాక్టర్ల దగ్గరికి పంపాలి. అది సర్టిఫికెట్ కాదు, మొదటి వడపోత.

మేము దీన్ని వద్దనం. చెవులు వినపడని పిల్లని 'మొద్దు' అని వెనక కూచోబెట్టిన బళ్ళు మనం చూసినవే. కనిపెట్టడం మంచిదే. మా ప్రశ్న వేరు. బిడ్డలో ఏముందో ఫోను అడుగుతోంది. ఊళ్ళో ఏముందో ఎవరడుగుతారు?

బందరు కాలువ కింద ఒక పల్లె. అక్కడొక పాప. కాళ్ళు ఆడవు. బెజవాడలో క్యాంపు పెట్టి చక్రాల కుర్చీ ఇచ్చారు, ఫోటో తీశారు. ఇప్పుడా కుర్చీ చూరు కింద ఉంది. అందులో కోడి పొదుగుతోంది. ఎందుకని? పల్లె నుంచి బడికి పోవాలంటే పంటకాలువ దాటాలి. దాటడానికి రెండు తాటిదుంగలు. సిమెంటు రోడ్డు ఊళ్ళోనే ఆగిపోయింది, కాలువ దాటి మన పల్లెకి రాలేదు. పాప కాళ్ళకి శాతం వేసి కాగితం ఇచ్చారు. తాటిదుంగలకి శాతం ఎవరు వేస్తారు?

40 శాతం, ఆపైన ఉంటేనే పెన్షను. 2024 జూలై నుంచి ఈ రాష్ట్రంలో వికలాంగుల పెన్షను 3,000 నుంచి 6,000 అయింది. అది మన హక్కు, వదులుకోం. కానీ ఆ డబ్బు కాలువ మీద వంతెన కట్టదు. వికలాంగులు అనే పేరు తీసి దివ్యాంగులు అన్నారు. పేరు మారింది, దారి మారలేదు.

ఈ మాట మేమొక్కళ్ళమే అనడం లేదు. 2001లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది: వైకల్యమంటే ఒక్క ఒంట్లో లోపమే కాదు, చుట్టూ ఉన్న అడ్డంకులు కూడా, మనిషి రోజువారీ బతుకులో ఎంత పాలుపంచుకుంటున్నాడో చూడాలి అని. దక్షిణాఫ్రికాలో బొమ్మలు చూపించి పిల్లల్నే అడిగే పద్ధతి వాడి చూశారు. పంతుల్ని కాదు, పిల్లల్నే! మన పిల్లలకి నోరుందని మనమూ ఒప్పుకోవాలి గదా.

అందుకే మేమంటాం: ఫోనులో రాసినా, పలక మీద రాసినా, ఈ ప్రశ్నలు ఉండాలి. బడిలో మధ్యాహ్నం అందరితో కలిసి అన్నం తింటున్నావా? ఆటకి పిలుస్తున్నారా? పంపు కాడికి పోగలవా? చర్చికి, పెళ్ళికి, తిరనాళ్ళకి తీసుకుపోతున్నారా? లేదంటే అడ్డం ఏంటి? మెట్టా, బురదా, మాటా, కులమా? అడ్డం పేరు రాయని యాప్, రోగి పేరు రాసి రోగం రాయని చీటీ లాంటిది.

ఇక మన సంగతి. ఏప్రిల్ 14న లారీలెక్కి జెండాలు పట్టుకుని పోతాం. ఆ పాపని ఎప్పుడైనా ఎక్కించామా? ఇంటికాడ కాపలా పెట్టి పోయాం. 'కుంటిది' అని పిలిచే నోళ్ళు మన పల్లెలోనూ ఉన్నయ్. కులం పేరు పెట్టి తిడితే 1989 చట్టం కింద కేసు పెడతాం. నలుగురిలో వికలాంగుల్ని కావాలని అవమానించినా 2016 చట్టం 92వ సెక్షను కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలే. ఊరు మనల్ని వెలివేసింది. మనం మన బిడ్డని వెలివేస్తే, ఊరికీ మనకీ తేడా ఏంటి?

అన్నలారా, అక్కలారా! ఈ పక్షంలోనే ప్రతి పల్లెలో, ప్రతి గూడెంలో అలాంటి బిడ్డల ఇళ్ళకి వెళ్దాం. బిడ్డనే అడుగుదాం. అడ్డం ఏదో కాగితం మీద రాద్దాం. మండలంలో భవిత కేంద్రం టీచర్ని కలుద్దాం. ఆ కాగితాన్ని గ్రామసభలో పెట్టి వంతెన అడుగుదాం. ఆ సభకి బిడ్డని మోసుకునైనా తీసుకుపోదాం. ముందు వరసలో కూచోబెడదాం.

జై భీమ్!