కుక్కపిల్లల అక్రమ వ్యాపారం: జబ్బు పుట్టేది ఎక్కడ?

నగరంలోని ఒక కుటుంబం ఆదివారం నాడు ల్యాబ్రడార్ పిల్లను కొని ఇంటికి తెచ్చుకొంటుంది. మంగళవారానికి అది పాలు ముట్టదు. బుధవారం వాంతులు, దుర్వాసనతో కూడిన రక్తవిరేచనాలు మొదలవుతాయి. పశువైద్యశాలలో పరీక్ష చేసి పార్వో వ్యాధి అని చెబుతారు. అమ్మిన వ్యక్తి ఫోను ఎత్తడు. ఎత్తినా, తన దగ్గర ఉన్నంతకాలం పిల్ల బాగానే ఉందనీ, కొన్నవారి ఇంట్లోనే ఏదో సోకి ఉంటుందనీ అంటాడు. పశువైద్య కళాశాల చికిత్సాలయంలో ఒక్క నెల పనిచేసిన విద్యార్థికైనా ఈ ఉదంతం కొత్తది కాదు.

అమ్మకందారు మాట శాస్త్రానికి నిలవదు. పార్వో వైరస్ శరీరంలో ప్రవేశించిన తరువాత లక్షణాలు బయటపడడానికి సాధారణంగా మూడు నుండి ఏడు రోజులు పడుతుంది. ఆదివారం చేతులు మారి మంగళవారం జబ్బుపడిన పిల్లకు వైరస్ అంతకుముందే సోకి ఉండాలి. అది పుట్టిన షెడ్డులోనో, బస్సులో ప్రయాణించిన అట్టపెట్టెలోనో, దుకాణంలో వేరే ఈతల పిల్లలతో కలిపి ఉంచిన బోనులోనో సోకి ఉంటుంది. కొనుగోలుదారుకు అమ్మింది జబ్బు పొదుగుతున్న పిల్లనే. దీనిని దురదృష్టంగా చూడడం సరికాదు. అది ఉత్పత్తి విధానం నుండి వచ్చిన ఫలితం. పెంపకందారుకు అవగాహన కల్పించడం, జబ్బుపడిన పిల్లకు సెలైన్ ఎక్కించడం అవసరమే. అయితే జబ్బు తయారవుతున్న చోటును ఎవరూ చూడనంతకాలం ఆ రెండు పనులూ చివరి గట్టు మీద నిలబడి చేసేవే అవుతాయి.

విత్తనం విషయంలో వ్యవసాయ విస్తరణ వ్యవస్థ ఈ పాఠాన్ని చాలాకాలం క్రితమే నేర్చుకొంది. మొలక రాలేదని రైతు ఫిర్యాదు చేస్తే శాస్త్రవేత్త మడిని చూసి ఊరుకోడు. సంచికి కట్టిన ట్యాగు అడుగుతాడు, లాట్ నంబరు, బిల్లు చూస్తాడు, ఆ విత్తనం ఏ క్షేత్రంలో పండిందో ఆరా తీస్తాడు. మూల విత్తనానికి తెల్ల ట్యాగు, ధ్రువీకరించిన విత్తనానికి నీలి ట్యాగు అన్న తేడా పల్లెల్లో చదువురాని రైతుకు కూడా తెలుసు. వేల రూపాయలు పోసి కొనే కుక్కపిల్లకు మాత్రం పుట్టిన చోటు, తల్లి, పుట్టిన తేదీ ఏవీ ఉండవు. ఉన్నదల్లా ఒక టీకా కార్డు. అదీ తరచుగా అమ్మినవాడే నింపి ఇచ్చినది.

టీకా కార్డు నిజమైనదే అయినా సరిపోదనడానికి జీవశాస్త్రపరమైన కారణం ఉంది. కుక్కపిల్లకు తొలి రక్షణ తల్లి ముర్రుపాల ద్వారా వస్తుంది. పుట్టిన మొదటి రోజు గడిచేసరికి ఆ ప్రతిరక్షకాలను పేగు పీల్చుకొనే అవకాశం దాదాపు ముగిసిపోతుంది. తల్లికే టీకాలు లేకపోతే, లేదా వరుస ఈతలతో అది బక్కచిక్కి ఉంటే పిల్లకు అందేది స్వల్పం. మరోవైపు, తల్లి నుండి అందిన ప్రతిరక్షకాలు రక్తంలో ఉన్నంతకాలం అవి టీకాను కూడా పనిచేయనివ్వవు. అవి వ్యాధిని ఆపలేనంతగా తగ్గి, టీకాను మాత్రం అడ్డుకోగల స్థాయిలో మిగిలి ఉండే కొన్ని వారాల కాలం ప్రతి పిల్ల జీవితంలోనూ వస్తుంది. అది ఆరు నుండి పదహారు వారాల మధ్య ఎప్పుడైనా కావచ్చు. అందువల్లనే ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో టీకాలు మొదలుపెట్టి, రెండు నుండి నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేవరకు కొనసాగించాలని పశువైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అక్రమ వ్యాపారం సరిగ్గా ఈ బలహీన కాలంలోనే పిల్లను తల్లి నుండి వేరుచేసి, ప్రయాణపు బడలికకు గురిచేసి, ఎక్కడెక్కడి పిల్లలతోనో కలుపుతుంది. వైరస్ వ్యాప్తికి ఇంతకంటే అనువైన ఏర్పాటును ప్రయోగశాలలో కూడా రూపొందించడం కష్టం. పార్వో వైరస్ నేలపై నెలల తరబడి బతుకుతుంది. బ్లీచింగ్ వంటి క్లోరిన్ ద్రావణాలకు లొంగుతుంది గాని మామూలు ఫినాయిల్ కడుగుడుకు లొంగదు. అందుచేత ఒకసారి కలుషితమైన షెడ్డు తరువాతి ఈతలకూ అదే జబ్బును అందిస్తూ ఉంటుంది.

తొందర ఎందుకంటే, ముద్దుగా కనిపించే వయస్సు చిన్నది, పిల్ల పెరిగేకొద్దీ మేపు ఖర్చు పెరిగి ధర తగ్గుతుంది. ముప్పై, నలభై రోజుల పిల్లను రెండు నెలలదని చెప్పి అమ్మడం ఇందుకే. ఈ అబద్ధాన్ని పట్టుకోవడం అంత కష్టమేమీ కాదు. ఎనిమిది వారాలు నిండిన పిల్లకు సాధారణంగా ఇరవై ఎనిమిది పాలపళ్ళూ వచ్చి ఉంటాయి. నలభై రోజుల పిల్ల కార్డులో రేబీస్ టీకా వేసినట్లు రాసి ఉంటే అనుమానించవలసిందే, ఎందుకంటే ఆ టీకా సాధారణంగా మూడు నెలల వయస్సులో వేస్తారు.

పిల్లల సంగతి కనీసం చికిత్సాలయం దాకా వస్తుంది. తల్లి సంగతి అక్కడికీ రాదు. ఆడకుక్క ఆరేడు నెలలకొకసారి ఎదకు వస్తుంది, చూడి కాలం సుమారు 63 రోజులు. ప్రతి ఎదకూ దాటించే చోట తల్లి శరీరం కోలుకొనే వ్యవధి ఉండదు. పాలిచ్చే దశలో రక్తంలో కాల్షియం పడిపోయి మూర్ఛలు రావడం, ఈనలేక కష్టపడడం, పొదుగువాపు వంటివి మేపు, విశ్రాంతి, వైద్యం కరువైన చోట ప్రాణాంతకమవుతాయి. బ్రూసెల్లా కానిస్ అనే సూక్ష్మజీవి సోకిన కుక్కలు చూడి చివరి దశలో ఈసుకుపోతాయి. ఒక మగకుక్కను ఊరూరా తిప్పే పద్ధతిలో అది సులభంగా వ్యాపిస్తుంది, మనుషులకూ సోకగలదు. ఈతకు పనికిరాదనుకొన్న తల్లిని రాత్రివేళ ఊరి పొలిమేరలో వదిలిపెడితే ఆ భారం చివరకు గ్రామ పంచాయతీ మీద పడుతుంది.

నియమాలు లేవని చెప్పడానికి వీలులేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 2017లో కుక్కల పెంపకం, విక్రయాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకూ వచ్చాయి. వాటి ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు లేకుండా వ్యాపారం చేయరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. తల్లికి పద్దెనిమిది నెలలు నిండాలి, ఏడాదికి ఒక ఈత, జీవితకాలంలో ఐదు ఈతలకు మించరాదు. శాస్త్రీయంగా ఇవి చక్కని నిబంధనలే. అయితే వాటి వెనుక ఉన్న మూల చట్టంలో జంతువును హింసించిన తొలి నేరానికి రాసిన జరిమానా పది నుండి యాభై రూపాయలు. నిబంధనల ఉల్లంఘనకు మూడు నెలల వరకు జైలు శిక్షకు వీలున్నా, జరిమానా గరిష్ఠం వంద రూపాయలే. ఒక్క పగ్ పిల్ల వేలల్లో పలికే అంగడిలో ఈ మొత్తం వ్యాపారి లెక్కల్లో టీ ఖర్చు కింద కూడా రాదు.

ఇంగ్లండులో 2020 ఏప్రిల్ నుండి అమలైన లూసీ చట్టం మరో దారి పట్టింది. వేల్స్‌లోని ఒక పెంపక కేంద్రం నుండి కాపాడిన ఆడకుక్క పేరు దానికి పెట్టారు. ఆరు నెలల లోపు పిల్లలను మధ్యవర్తులు వ్యాపారంగా అమ్మడాన్ని ఆ చట్టం నిషేధించింది. పెంపకందారు పిల్లను పుట్టినచోటనే, తల్లితో కలిపి చూపించాలి. దొంగచాటు దిగుమతులు దీనితో అంతరించలేదు గాని, కొనేవాడు అడగవలసిన ప్రశ్న స్పష్టమైంది. తల్లిని చూపించలేనివాడి దగ్గర కొనకూడదన్నది ఏ పరికరమూ అక్కరలేని పరీక్ష.

ఈ వ్యాపారాన్ని గట్టిగా అదుపుచేస్తే పెరట్లో రెండు కుక్కలను పెంచుకొని నాలుగు రూపాయలు సంపాదించే చిన్న కుటుంబాలు దెబ్బతింటాయన్న వాదన ఉంది. దానిని తోసిపుచ్చడం న్యాయం కాదు. కానీ తల్లిని కళ్ళముందు ఉంచుకొని, రెండు నెలలు పిల్లలను మేపగలిగేది ఆ చిన్న పెంపకందారే. నమోదు సులభమై, మండల పశువైద్యుని ధ్రువీకరణ అందుబాటులో ఉంటే నిబంధనలు అతనికే అనుకూలిస్తాయి. నష్టపోయేది తల్లిని దాచిపెట్టే దళారీ.

విస్తరణ రంగం తనను తాను ప్రశ్నించుకోవలసిన చోటు కూడా ఒకటుంది. నిరుద్యోగ యువతకు ఉపాధి మార్గాలు సూచించేటప్పుడు పెంపుడు కుక్కల పెంపకాన్ని కోళ్ళు, కుందేళ్ళ సరసన చేర్చి, ఈతకు ఇన్ని పిల్లలు, పిల్లకు ఇంత ధర అని లాభం లెక్కగట్టడం సులభం. ఆ లెక్కలో ఏడాదికి ఒకే ఈత అన్న నిబంధన కనిపించకపోతే, శిక్షణే అక్రమ వ్యాపారానికి తొలి మెట్టవుతుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ప్రాంతాల్లో ముక్కు చప్పిడిగా ఉన్న జాతులకు గిరాకీ కల్పించడం కూడా ఆలోచించవలసిన విషయమే. అవి రొప్పి శరీర వేడిని తగ్గించుకోవడానికే అవస్థపడతాయి. ముధోల్ హౌండ్, రాజపాళయం, చిప్పిపారై వంటి స్వదేశీ జాతులను జాతీయ పశు జన్యువనరుల బ్యూరో నమోదు చేసింది. ఈ నేలకు అలవాటుపడినవే అయినా, గిరాకీ పెరిగితే వాటి పిల్లలూ అవే అట్టపెట్టెల్లోకి చేరకుండా ఆపేది ఏమీ లేదు.

పశువైద్య చికిత్సాలయాల కేసు పత్రంలో జాతి, వయస్సు, లింగం, బరువు రాసుకొంటారు. పిల్లను ఎక్కడ కొన్నారు, ఎన్ని రోజుల వయస్సులో కొన్నారు, తల్లిని చూశారా అన్న మూడు ప్రశ్నలను వాటి పక్కన చేర్చడానికి అదనపు నిధులు అక్కరలేదు. ఒక ఏడాది పార్వో, డిస్టెంపర్ కేసులను ఈ మూడు సమాధానాలతో పట్టిక వేస్తే, జబ్బు ఏ షెడ్డు నుండి వస్తున్నదో జంతు సంక్షేమ మండలి ముందుంచడానికి తగిన ఆధారం తయారవుతుంది. స్నాతకోత్తర విద్యార్థులు చేపట్టదగిన పని అది.