అట్ట మీది గుర్రం

పోయిన ఆదివారం కర్నూలు నుంచి నా పాత మిత్రుడొకడు మా కడపకు వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సంచీలోంచి కొత్త పుస్తకం తీసి నా చేతిలో పెట్టి, "ఎట్లుందప్పా?" అన్నాడు. సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న నవల. రేనాటి వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ.

నేను నోరు విప్పేలోగానే మా ఆవిడ కాఫీ గ్లాసులు బల్లమీద పెడుతూ అట్ట చూసి, "ఏమన్నా, రాజస్థాన్ పోయొచ్చినారా?" అంది.

ఆమె తప్పేమీ లేదు. అట్టనిండా ఇసుక దిబ్బలు. వెనకాల చిత్తోడ్‌గఢ్ విజయస్తంభం. ముందు గాలిలోకి లేచిన తెల్లగుర్రం, దానిమీద ముత్యాల తలపాగాతో ఎవరో మహారాజు. నవల పేరు అయిదు రంగుల్లో, ఒక్కొక్క అక్షరానికీ ఒక్కొక్క నీడ. కుందేటి పక్కన నల్లరేగడి చేలెక్కడ, ఈ ఇసుక ఎక్కడ? కోటే కావాలంటే పెన్న లోయమీద గండికోట లేదా! అయినా ఈ కథకు అదీ కాదనుకోండి.

"ప్రెస్సులో పిల్లోడు కంప్యూటర్లో వెతికి పావుగంటలో పెట్టినాడు. బొమ్మకు వేరే డబ్బు తీసుకోలేదు" అన్నాడు మిత్రుడు, కాస్త గర్వంగానే.

వెనక అట్ట తిప్పాను. శాలువాతో రచయిత ఫొటో, డిగ్రీలు, సన్మానాలు, ముగ్గురు పెద్దల ఆశీస్సులు. ప్రతి ఇంటా వుండవలసిన గ్రంథమని ముగ్గురూ అన్నారు. కథ ఏ కాలానిదో, ఏ వూరిదో, ఎవరికి ఏం కష్టం వచ్చిందో ఒక్కరూ చెప్పలేదు. పుస్తకం వెన్నుమీద అసలు అక్షరమే లేదు. లైబ్రరీ బీరువాలో నిలబెడితే దాన్ని వెతకడం ఎవరి తరం?

ఆ రాత్రి చదవడం మొదలుపెట్టి ఒంటిగంటదాకా దించలేదు. నెలకు 11 రూపాయల చిల్లర పింఛను మీద బతుకుతున్న పాలెగాండ్ల బిడ్డకు కుంపిణీవాళ్ళు చేసిన అవమానం, 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద దాడి, 1847 ఫిబ్రవరి 22న అదే వూళ్ళో ఉరి, ఆ తలను ఏళ్ళ తరబడి కోటకు వేలాడదీయడం – అన్నీ కళ్ళకు కట్టినట్లు రాశాడు. తనూ పింఛనుదారే గనుక కాబోలు, ఆ 11 రూపాయల అధ్యాయం మరీ బాగుంది.

పొద్దున అడిగితే అసలు సంగతి చెప్పాడు. 500 కాపీలు వేయించాడు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి తీశాడు. ఇంట్లో ఆవిడకు పూర్తి లెక్క చెప్పలేదు. 400 పైగా మంచంకింద వున్నాయి. "బాగలేదా ఏమి?" అన్నాడు మెల్లగా.

అడివి బాపిరాజుగారు చారిత్రక నవలలూ రాశారు, బొమ్మలూ వేశారు. అందరికీ ఆ అదృష్టం పట్టదు. బాపు గీత అట్టకెక్కే యోగం ఎందరికి దొరికింది? బొమ్మ దొరకనప్పుడు బొమ్మ లేకుండా వేయవచ్చు. మట్టిరంగు కాగితం, నల్లటి పెద్ద అక్షరాల్లో పేరు, కింద చిన్నగా "కోవెలకుంట్ల, 1846". ఇంకేమీ అక్కరలేదు.

కేలండర్ కాగితం వెనక నాలుగు వాక్యాలు రాసి చూపించాను: నెలకు 11 రూపాయలు. ఆ కాసిని రూపాయలకూ తాసీల్దారు గుమ్మంముందు నిలబడాలి. తాతలు ఏలిన నేల అది. ఒక రోజు అతను అడగడం మానేశాడు.

"మరి నా డిగ్రీలు?" అన్నాడు.

"లోపలి చివరి పేజీలో వేసుకో."

వున్న కాపీలకు పై అట్ట ఒకటి చుట్టిస్తే ఎంతవుతుందో ఇద్దరం లెక్క వేశాం. కొత్త పుస్తకం ఖర్చులో నాలుగోవంతు కూడా కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బస్సు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "గుర్రం బాగనే వుండె గదప్పా" అన్నాడు.