ఇల్లాలి ముచ్చట్లు: కారుపై తెడ్డుపలక



వస్తువును చెదరకుండ ఒకచోటినుండి మఱియొకచోటికి చేర్చుట మనకు క్రొత్త విద్య కాదు. ఊరగాయ జాడీకి వాసెన కట్టుట, ప్రయాణమునకు పరుపు చుట్టి త్రాటితో బిగించుట, పెండ్లికి తరలునపుడు పెట్టెలను బండిపై సర్దించుట, ఇవన్నియు తరతరములుగ స్త్రీల కనుసన్నలలో జరుగుచున్న పనులే. కట్టినవారెవరైనను, “గట్టిగ నున్నదా?” యని యొకసారి చేతితో లాగి చూచునది ఇల్లాలే. ఆ చేతిని ఈ నెల యొక క్రొత్త వస్తువుపై వేయవలసి వచ్చినది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున కుమార్తెయొద్ద కొన్ని నెలలుండి, మరల ప్రయాణమునకు సిద్ధమగుచున్న యొక సోదరి నాకిట్లు వ్రాసిరి: “శనివారము వచ్చిన చాలును, మా అమ్మాయియు అల్లుడును రెండు పెద్ద పలకలను కారు నెత్తిన కట్టి, పిల్లలతో సరస్సునకు బయలుదేరుదురు. దారిపొడుగునను ఆ పలకలు బుసకొట్టినట్లు మ్రోయుచుండును. నాకు ప్రాణము గుప్పిటిలో నుండును. అడిగిన ‘ఏమియు కాదమ్మా’ యందురు. అల్లునికి చెప్పుటకు నాకు నోరాడదు. ఏమి చూచుకొన్న నిజముగ నేమియు కాదో తెలుపుడు.”

ఆ సోదరి భయము అకారణము కాదు. అందులకు కారణమును, నివారణమును వరుసగ మనవి చేసెదను.

పాడిల్ బోర్డు అనునది నీటిపై నిలువబడి పొడుగైన తెడ్డుతో త్రోసికొనుచు పోవుట కుపయోగించు వెడల్పైన పలక. మనము తెడ్డుపలక యందము. హవాయి ద్వీపములలో పుట్టిన యీ క్రీడ 2000 తరువాత లోకమంతట వ్యాపించినది. మన దేశమునను 2024 మార్చిలో మంగళూరు దాపునగల శశిహిత్లు సముద్రతీరమున దీని అంతర్జాతీయపు పోటీలు జరిగినవి. కావున విదేశములందున్న బిడ్డల తల్లులకే కాక, ఇచట తీరప్రాంతములం దుండువారికిని ఈ సంగతి యెఱిగియుండుట మంచిది.

గట్టిపలక సామాన్యముగ పదడుగులకు పైబడిన పొడవును, రెండున్నర అడుగులకు మించిన వెడల్పును కలిగి, 10 మొదలు 15 కిలోల వఱకు తూగును. లోపల మెత్తని నురుగువంటి పదార్థము, పైన గాజునార పొదిగిన పలుచని గట్టిపొర. చూపునకు తలుపంత, మోతకు తేలిక. ఈ తేలికతనమే దీనియందలి యపాయము. బరువైన బీరువా తన బరువుచేతనే కొంత నిలిచియుండును. వెడల్పై తేలికైన వస్తువు మాత్రము ఎండిన విస్తరాకువలె గాలికి లేచును.

మా వారు బడిపిల్లలకు చెప్పు లెక్క యొకటి యిచట పనికివచ్చును. బండి వేగము రెండింతలైనచో ఎదురుగాలి త్రోపుడు రెండింతలు కాదు, నాలుగింతలగును. ఊరిలో గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవునపుడు పలకపై ఎంత బలము పడునో, పెద్దబాటపై 80 కిలోమీటర్ల వేగమున దానికి నాలుగింతలు పడును. 120 అయినచో తొమ్మిదింతలు. కనుక “వీథి చివరివఱకు బాగుగనే వచ్చినది గదా” యనుట కట్టునకు ఋజువు కాజాలదు.

కట్టు జాఱిన నష్టమెవరికి? పలక వెల పోయినది గదా యని మనము విచారింతుము. కాని ఆ పలక పడునది మన కారులో కాదు, వెనుక వచ్చుచున్న పరాయివారి అద్దముపైన. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమున 2004లో ఇట్టిదే జరిగినది. ముందు పోవుచున్న బండి నుండి గృహోపకరణపు చెక్క యొకటి జాఱిపడి, వెనుక కారు నడుపుచున్న యొక యువతి ముఖమునకు తగిలెను. ఆమె ప్రాణములతో బయటపడినను చూపు పోయినది. ఆమె తల్లి కన్నీటితో ఊరకుండలేదు. సరిగ కట్టని సరకువలన ఒకరికి గాయమైనచో దానిని నేరముగ నెంచవలయునని పాటుపడెను. 2005లో ఆ రాష్ట్రమున నట్టి శాసనము వచ్చినది. ఆ దేశమున రోడ్డు భద్రతను పరిశీలించు ఏఏఏ సంస్థ 2016లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, 2011 మొదలు 2014 వఱకు రోడ్డుమీది పడిన వస్తువుల మూలమున రెండు లక్షలకు పైగా ప్రమాదములు జరిగి, ఐదువందలకు మించి జనులు మరణించిరి. ఆ ప్రమాదములలో సుమారు మూడింట రెండు వంతులు బండ్లనుండి ఊడిపడిన వస్తువుల వలననే. కావున మన కారుపై కట్టు కట్టు వేసినది మన వస్తువు కొఱకు మాత్రమే కాదు, మన మెన్నడు చూడని వారి బిడ్డ కొఱకును.

ఇక కట్టు విధము. క్షీరసాగరమును మథించునాడు మందరగిరికి మూడు సమకూడవలసి వచ్చినవి: అడుగున కూర్మపు టాధారము, నడుమ వాసుకి చుట్టు, ఇరుకొనల పట్టు. వీనిలో నేది లేకున్నను పని సాగెడిది కాదు. తెడ్డుపలకకును ఈ మూడే కావలయును.

మొదటిది ఆధారము. కారు కప్పుపై అడ్డముగ బిగించిన రెండు కమ్ములుండవలయును. వాని నడుమ రెండడుగులకు తక్కువ కాని యెడముండుట మేలు. ఎంత యెడమున్న అంత నిలుకడ. కప్పు ఎన్ని కిలోలు మోయగలదో కారుతో నిచ్చిన పుస్తకమున వ్రాయబడియుండును. ఆ లెక్కలో కమ్ముల బరువునుకూడ చేర్చవలయును. కమ్ములకు మెత్తని తొడుగు వేయవలయును. కమ్ములు లేని కారులకు మెత్తని దిమ్మలు పెట్టి, పట్టీలను కారు లోపలినుండి చుట్టి కట్టు పద్ధతి కలదు. అప్పుడు తలుపులు తెఱచి, తలుపు సందునుండి పట్టీలు పోనిచ్చి, పిదప తలుపులు మూయవలయును. కిటికీలనుండి పోనిచ్చి కట్టినచో తలుపులు తెఱచుటకు వీలుండదు. లోపల పిల్లలుండగా అట్టి కట్టు కట్టరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

పలకను ఇద్దఱు పట్టి యెత్తవలయును. అడుగున చేపరెక్కవంటి ముక్క యుండును. దానిని ముందుగ ఊడదీయవలయును. కాళ్లు మోపు మెత్తని వైపు క్రిందికిని, నీటిని తాకు నున్నని వైపు పైకిని ఉండునట్లు, ముక్కు ముందునకు వచ్చునట్లు, నట్టనడుమ బోర్లించవలయును. ఈ పలకల ముక్కు కొంచెము పైకి వంగియుండును. బోర్లించినపుడు ఆ వంపు క్రిందికి తిరిగి, గాలి దాని యడుగున దూఱి యెత్తుటకు అవకాశము తగ్గును. రెండు పలకలున్నచో పెద్దది క్రింద, చిన్నది పైన, నడుమ మెత్తని గుడ్డ.

రెండవది చుట్టు. ఇందులకు వెడల్పైన నేతపట్టీలు రెండు కావలయును. కామ్ బకిల్ అను బిళ్ల గల పట్టీలు శ్రేష్ఠము. చేతితో లాగినంతమేర బిగిసి, జాఱక పట్టుకొనును. పండ్లచక్రముతో బిగియు రాట్చెట్ పట్టీలు లారీ సరకులకు మంచివే కాని, వాని బలమునకు పలక పైపొర పగులును. స్కూటరుపై సామాను కట్టు సాగెడి రబ్బరు త్రాళ్లు మాత్రము పనికిరావు. గాలి లాగినపుడు అవి సాగును. సాగిన కట్టు కట్టు కాదు. నైలాను త్రాడు తడిసినపుడు సాగునని గుర్తుంచుకొనవలయును. నీటినుండి వచ్చు పలక తడిగనే యుండును గదా.

ఒక్కొక్క పట్టీని పలకపైనుండి ఆవలికి వేసి, కమ్మి క్రిందుగ తిప్పి, మరల పలకపైనుండి ఈవలికి తెచ్చి, ఈవలి కమ్మి క్రిందుగ తీసి బిళ్లలో బిగించవలయును. బిళ్ల పలకకును అద్దమునకును తగులకుండ క్రింద గుడ్డ యుంచవలయును. మిగిలిన కొస గాలికి కొట్టుకొనకుండ ముడివేయవలయును. మన సోదరి విన్న బుస పట్టీ యదురుటవలన కలుగు చప్పుడు కావచ్చును. కట్టునపుడు పట్టీకి ఒక మెలిక వేసిన అది యణగును. కాని మెలిక వేసిన పిదపను చప్పుడు హెచ్చినను, మాఱినను, బండి నాపి చూడవలసినదే.

మూడవది కొనల పట్టు. ముక్కునుండి కారు ముందుభాగపు కొక్కెమునకు ఒక త్రాడు, తోకనుండి వెనుక కొక్కెమునకు ఒక త్రాడు కట్టవలయును. పొడుగుపలకకును, పెద్దబాటపై దూరప్రయాణమునకును ఇవి తప్పనిసరి. నడుమ పట్టీ యొకటి తెగినను పలక ఎగిరిపోకుండ కాపాడునవి ఇవియే. వీనిని పలక వంగునంత బిగుతుగ లాగరాదు, వ్రేలాడకుండిన చాలును.

కట్టుట ముగిసిన పిదప మన వంతు. పలక ముక్కును రెండు చేతుల పట్టి ప్రక్కలకును, పైకిని ఊపి చూడుడు. కారుకూడ దానితో ఊగినచో కట్టు మంచిది. కారు కదలక పలక మాత్రమే కదలినచో విప్పి మరల కట్టవలయును. కమ్ములనుకూడ ఇట్లే పట్టి చూడవలయును. కమ్మి ఊడిన పట్టీ యేమి చేయగలదు? బయలుదేరిన పది నిమిషములకు ఒకసారి ఆపి చూడుడు, పిదప ఆగినపుడెల్ల చూడుడు. వంతెనలమీద అడ్డగాలి, ప్రక్కనుండి దాటిపోవు లారీల గాలి కట్టును పరీక్షించును. అచట వేగము తగ్గింపవలయును.

తెడ్డును లోపల పిల్లల ప్రక్కన విడిగ పడవేయరాదు. హఠాత్తుగ బండి ఆగినపుడు అది బల్లెమగును. పలకను గంటలకొలది ఎండలో కారుపై విడిచిపెట్టుటయు తగదు. వేడికి పొరలు ఉబ్బి విడివడును. ఇన్ని జాగ్రత్తలు తీసికొను తీరిక లేనివారికి గాలి నింపుకొను పలకలు కలవు. గాలి తీసి చాపవలె చుట్టి సంచిలో పెట్టినచో కారు వెనుక పెట్టెలో ఇమిడిపోవును. చిన్నపిల్లల సంసారమునకు నా మతమున ఇదియే యుత్తమము.

మన దేశమున 2019లో సవరింపబడిన మోటారు వాహనముల శాసనము ప్రకారము, అనుమతించిన మేరకు మించి సరకు ప్రక్కలకు గాని, ముందు వెనుకలకు గాని, ఎత్తునకు గాని పొడుచుకొనివచ్చినచో ఇరువదివేల రూపాయల జరిమానా కలదు. తెడ్డుపలకయే కానక్కఱలేదు, నిచ్చెన, మంచపు పట్టె, అరటిబోదె, పరుపు, దేనికైనను పైని చెప్పిన మూడు సూత్రములే.

ఇక నోరాడని మాట. అల్లునికి అత్తగారు కట్టు నేర్పుట బాగుండదని ఆ సోదరి జంకు. నిజమే. కాని “నాయనా, ఇది యెట్లు కట్టుదురో నాకు చూపుము” అని యడుగుటలో మర్యాదకు లోపమేమి? చూపువాడు తనకు తెలియకయే రెండవసారి బిగించును. అప్పుడు ముక్కు పట్టి యొకసారి ఊపుడు. కదలినచో కుమార్తెతో చెప్పుడు. ఆమెయు విననిచో, “పిల్లలను నేనింట చూచుకొందును, మీరు పోయి రండు” అనుటకు సంకోచింపకుడు. ఆ మాట వినిన పిదప త్రాడు తేని తల్లిదండ్రులుండరు.

దశరథుని రథచక్రపు శీల ఊడగా కైకేయి తన వ్రేలిని అడ్డముంచి రథమును నిలిపెనని మన పెద్దలు కథ చెప్పుదురు. ఆమె సాహసము కొనియాడదగినదే. అయినను, బయలుదేరక మున్నే ఎవరైన శీల చూచియున్నచో ఆ వ్రేలికి నొప్పి తప్పియుండును. మనకు సాహసముతో పని లేదు. బండి కదలకముందు ఒక్క నిమిషము చాలును.