ఎన్నికల ఖర్చు - లెక్కకు రాని భాగము



యానాం తెలుగు జిల్లాల నడుమ నున్నను, లోక్‌సభకు పుదుచ్చేరి యంతటికిని గల ఒకే స్థానమునకు మేము ఓటు వేయవలెను. దూరముననుండు అభ్యర్థి సంగతి మాకు కాగితముల ద్వారా తెలియవలసినదే. 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా యని అతని చదువు, ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు అఫిడవిట్‌లో కానవచ్చుచున్నవి.

గెలిచినవాడు ఏమి చేసెను? మంత్రులు కాని సభ్యులు తెచ్చిన బిల్లులలో ఇంతవరకు చట్టములైనవి 14 మాత్రమే, కడపటిది 1970లో. కావున బిల్లు నెగ్గించలేదని నిందించుట తగదు. హాజరు ఎంత, అడిగిన ప్రశ్న లేవి, మా ఊరి మాట ఎత్తెనా యని చూడవలెను.

అసలు చిక్కు డబ్బులో నున్నది. 2022లో పుదుచ్చేరి లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు 75 లక్షల పరిమితి విధించిరి. తన కొరకు పార్టీ పెట్టిన ఖర్చును సయితము అభ్యర్థి లెక్కలో చేర్చవలెనని 1974లో సుప్రీంకోర్టు అనగా, ఆ ఏడే పార్లమెంటు చట్టము సవరించి ఆ తీర్పును వమ్ము చేసెను. 2003లో కొంత బిగించిరి. అయినను ముఖ్య నాయకుల ప్రయాణ ఖర్చు అభ్యర్థి లెక్కకు రాదు. పార్టీ సాధారణ ప్రచారమునకు పరిమితియే లేదు. ముందు తలుపునకు తాళము వేసి దొడ్డితలుపు తెరచియుంచినట్లున్నది. 2024లో ఎన్నికల బాండ్లు రద్దయి దాతల పేర్లు బయటపడినను ఈ తలుపు మూతపడలేదు.

పార్టీల ఖర్చుకును పరిమితి విధింపవలెను. ఫలితము వెలువడిన 30 దినములలో అభ్యర్థులు దాఖలు చేయు లెక్కలను, వారి అఫిడవిట్లను యానాంలో తెలుగున ప్రకటింపవలెనని అధికారులను కోరుచున్నాను.

ఇట్లు,
ఒక ఓటరు, యానాం