చీపురు మనది, రిజిస్టరు ఎవరిది?

మొన్న శనివారం పెబ్బేరు సంతల ఒక తల్లి మమ్మల్ని ఆపింది. పన్నెండేండ్ల సంది హైదరాబాదుల ఒక పెద్ద ఆఫీసు బిల్డింగుల హౌస్‌కీపింగు పని చేస్తున్నది. బిడ్డ పాలిటెక్నికుల ఎలక్ట్రికల్ డిప్లొమా పాసయింది. ఇప్పుడు ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ చదువుత అంటున్నదట. "చీపురు తప్పియ్యాలని సదివిస్తే, మళ్ల చీపురు సదువేనా అన్నా?" అని ఆ తల్లి అడిగింది.

ఈ ప్రశ్నను నవ్వి తీసెయ్యలేం. మన ఇండ్లల్ల చదువు అంటేనే చీపురు నుంచి, పలుగు పార నుంచి తప్పించుకునే తొవ్వ. అందుకే జవాబు ఆలోచించి చెప్పవలసి ఉన్నది.

ముందు ఆ చదువేందో తెలుసుకుందాం. ఒక ఆస్పత్రి, ఒక కాలేజి, ఒక ఇరవై అంతస్తుల మేడ కట్టంగనే పని అయిపోదు. లిఫ్టు నడవాలె, కరెంటు పోతే జనరేటరు అందుకోవాలె, నీళ్లు ఎక్కాలె, మురుగునీరు శుద్ధి కావాలె, మంటలార్పే పంపు ఎప్పుడంటె అప్పుడు పనిచెయ్యాలె, నేల శుభ్రంగుండాలె, వాచ్‌మెన్ మెలకువగుండాలె. ఇవన్నీ కలిపి నడిపించే పనికి పెట్టిన పేరే ఫెసిలిటీ మేనేజ్‌మెంట్. అమెరికాల ఈ వృత్తివాళ్లు 1980లోనే సంఘం పెట్టుకున్నరు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో ఈ పేరుతో డిగ్రీయే నడిచింది. 2018లో దీనికి ఐఎస్‌ఓ 41001 అని అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. అంటే లోకం దీన్ని ఒక శాస్త్రంగా ఒప్పుకున్నది.

మరి ఈ శాస్త్రం మనకు కొత్తదా? చెరువు తూము ఎప్పుడు ఎత్తాలె, ఏ మడికి ఎన్ని నీళ్లు పోవాలె అన్నది చాలా ఊళ్లల్ల నీరటికి తెలుసు. రాత్రి కావలి తిరిగింది తలారి, సుంకరి. మోటకు తోలు బొక్కెన కుట్టింది మాదిగ. చచ్చిన గొడ్డును తీసి ఊరిని కంపు కాకుండ కాపాడింది మనమే. ఊరిని నడిపించే పని మొత్తం వాడకట్టు చేతుల మీదనే నడిచింది. కాని లెక్కల దస్త్రం మాత్రం పట్వారి చంకల ఉండె. పని తెలిసినోనికి గింజలు, దస్త్రం పట్టినోనికి భూములు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. రద్దయింది ఊర్లె. పట్నపు మేడలల్ల అది కొత్త పేరుతోని మళ్ల లేచింది.

1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి హైదరాబాదు పడమటి దిక్కు అద్దాల మేడలతోని నిండింది. వాటికి ఇటుక మోసిన చేతులల్ల పాలమూరు చేతులెన్నో. కట్టిన తర్వాత ఊడ్చే చేతులు కూడ చాలా వరకు మనయే, అందులో ఆడోళ్లయే ఎక్కువ. ఆ బాత్రూం గోడకు ఒక కాగితం అతికించి ఉంటది: ఎప్పుడు కడిగిన్రు, ఎవరు కడిగిన్రు, ఎవరు చూసిన్రు. "కడిగినోళ్లు" గడిలో మన పేరు, "చూసినోళ్లు" గడిలో ఎవరి పేరు ఉంటున్నదో ఒకసారి చూడండి. కులం పనిని మాత్రమే కాదు, పని చేసేటోళ్లనే మెట్లు మెట్లుగ విడగొట్టి కట్టేస్తదని అంబేద్కర్ 1936లోనే తేల్చిండు. ఆ మెట్లు ఈ గోడ కాగితం మీదికి ఎక్కినయి.

ఇంకో దెబ్బ కూడ ఉన్నది. ఒకప్పుడు సర్కారు ఆఫీసుల అటెండరు, స్వీపరు, వాచ్‌మెన్ కొలువు పర్మినెంటు. రిజర్వేషన్ ఉండె, పింఛను ఉండె. ఆ జీతం మీదనే ఎంతమంది మనోళ్ల పిల్లలు డిగ్రీ దాక పోయిన్రు! ఆ కొలువులను ఏజెన్సీలకు అప్పజెప్పుకుంట వచ్చినంక రోస్టరు పోయింది, పింఛను పోయింది, పని మాత్రం మన దగ్గరనే మిగిలింది.

అన్నింటికన్న పెద్దది ప్రాణం సంగతి. సెప్టిక్ ట్యాంకులకు, మురుగు గుంతలకు మనిషిని దింపే మాట ఎవరిది? ఆ బిల్డింగు నడిపించేటోనిది. రక్షణ లేకుండ దింపితే 2013 చట్టం ప్రకారం మొదటి తప్పుకే రెండేండ్ల దాక జైలు, రెండు లక్షల దాక జుర్మానా. సఫాయి కర్మచారి ఆందోళన్ కొట్లాడితే 2014లో సుప్రీంకోర్టు చనిపోయినోళ్ల కుటుంబానికి పది లక్షలియ్యాలన్నది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. కాని పైసలు వచ్చేది శవం లేచినంకనే కదా. దిగే ముందట "వద్దు, మిషన్ పిలిపించండి" అని చెప్పగలిగే అధికారం ఉన్న కుర్చీలో మన బిడ్డ కూసుంటే, ఆ శవమే లేవకుండ ఆపవచ్చు.

అందుకే ఆ తల్లికి మేము చెప్పింది ఇది: చదివించమ్మా. అది చీపురు చదువు కాదు, చీపురు ఎవరి చేతికి, ఏ జీతానికి, ఏ రక్షణతోని ఇయ్యాలో నిర్ణయించే చదువు. అయితే కండ్లు మూసుకొని చేర్పియ్యకు. కోర్సుకు యుజిసి, ఎఐసిటిఇ గుర్తింపు ఉన్నదా? పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తదా? బిల్డింగుల పని నేర్పిస్తరా, గదిల కూసోబెట్టి పుస్తకం చదువుతరా? చదివినోళ్లకు సూపర్‌వైజర్ పైన కొలువు వచ్చిందా? ఈ నాలుగు అడిగి, కాగితం చూసి, అప్పుడు ఫీజు కట్టాలె. డిప్లొమా చేతిల ఉన్న పిల్లకు కరెంటు, పంపు, లిఫ్టు సంగతి తెలుసు కనుక ముందట బలం ఉన్నట్లే. బయటి దేశంల పీజీ చెయ్యదలిస్తే అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద 20 లక్షల దాక సాయం ఉన్నది. పని చేసుకుంట చదువుకునే తల్లులకు, అన్నలకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉండనే ఉన్నది.

చదివిన బిడ్డలకు కూడ ఒక మాట. కుర్చీ ఎక్కినంక అమ్మ పని చేసే అంతస్తును మరువొద్దు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం జాగల 2025 నవంబరు 21 నుంచి కొత్త కోడ్ వచ్చింది. చట్టం మారినా, కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలె అన్న నియమం పోలేదు. మేనేజరైన దళిత బిడ్డ ఆ నియమాన్ని దాచిపెడితే పట్వారీకి, మనకు తేడా ఏమున్నది?

ఒక్కొక్కరు చదువుకొని పైకి పోతే సరిపోదు. మేము అడిగేది ఇది: పాలమూరు విశ్వవిద్యాలయం ఈ జిల్లాలల్ల ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ డిప్లొమా, డిగ్రీ పెట్టాలె. పదేండ్లు ఊడ్చిన తల్లి అనుభవాన్ని చదువు కింద లెక్కగట్టి సూపర్‌వైజరు కోర్సుల సీటియ్యాలె. సర్కారు డబ్బుతోని నడిచే ప్రతి అవుట్‌సోర్సింగు కాంట్రాక్టుల, మేనేజరు కుర్చీ దాక, రోస్టరు పాటించాలె. పెబ్బేరుల మత్స్య కళాశాల ఉన్నది, 2018 నుంచి మున్సిపాలిటీ ఉన్నది. ఆ బిల్డింగులను ఎవరు ఊడుస్తున్నరు, ఎవరు సంతకం పెడుతున్నరు, జీతం ఎంత చేతికి వస్తున్నది? మన సంఘాలు అక్కడి నుంచే లెక్క తియ్యడం మొదలుపెట్టాలె.

వనపర్తి రాజుల కోటల ఇయ్యాల పాలిటెక్నికు నడుస్తున్నది. మన పిల్లలు అందుల బెంచీల మీద కూసొని చదువుతున్నరు. కోట గడప దాటినం. ఇగ దస్త్రం అందుకోవాలె.

జై భీమ్!