పాత మగ్గము వేరు, పాత బ్రౌజరు వేరు

పనిచేయు వస్తువును పారవేయుట మన చేనేత కుటుంబములకు అలవాటు లేదు. తాత నేసిన మగ్గముపై మనుమడును నేయును. అరిగిన భాగము మార్చుకొన్న చాలును. మంచి గుణమే. కాని కంప్యూటరు దగ్గర ఈ గుణమే మనకు చేటు తెచ్చునని నా అభిప్రాయము.

కామాటిపుర గల్లీలలోను, ముంబయిలోని ఇతర తెలుగు చాళ్లలోను రైలు టిక్కెట్టుకు, ఊరికి సొమ్ము పంపుటకు చిన్న దుకాణములోని కంప్యూటరును ఆశ్రయించు వారున్నారు. అందు విండోస్ 7 ఉన్నదనుకొనుడు. మైక్రోసాఫ్టు వారు సామాన్యులకు దాని మరమ్మతులను 2020 జనవరిలోనే మానిరి. వెబ్‌సైట్లు తెరచు క్రోము బ్రౌజరు దానిపై 109వ కూర్పుతో 2023లో నిలిచిపోయినది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు సంగతి చెప్పనక్కరలేదు. 2022 జూన్ 15న దానిని మైక్రోసాఫ్టు వారే విరమించిరి.

"తెరుచుకొనుచున్నది గదా, ఇంకేమి?" అందురు. చిక్కంతయు అక్కడనే యున్నది. బ్రౌజరులో లోపము బయటపడగానే కంపెనీవారు దిద్దుబాటు పంపుదురు. ఆ దిద్దుబాటును విప్పి చూచిన దొంగకు పాతదానిలో కన్నమెక్కడనో తెలిసిపోవును. అనగా కొత్తది వేసుకొన్నవానిని కాపాడిన మరమ్మతే, వేసుకొననివాని ఇంటికి దారి చూపును. కొన్ని లోపములు ఎంత చెడ్డవనగా, దొంగ వెబ్‌సైటు తెరచినంతనే, ఏమియు నొక్కకయే, చెడు ప్రోగ్రాము లోన చేరవచ్చును. అటుపై మనము కొట్టు బ్యాంకు పాస్‌వర్డు వాని పాలు. పైన కనబడు తాళము గుర్తు దీనిని ఆపదు. అది దారికి కాపలాయే గాని ఇంటికి కాదు.

2017 మే నెలలో వన్నాక్రై అను పీడ వచ్చినది బ్రౌజరు ద్వారా కాదు, విండోస్ లోపము ద్వారా. అయినను జరిగినదిదే. దిద్దుబాటు మార్చిలోనే వెలువడినది, వేసుకొననివారు చిక్కిరి. ఆంధ్ర ప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లే కొన్ని స్తంభించినవి.

కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు చిరకాలము ఎక్స్‌ప్లోరరులోనే తెరుచుకొనెడివి. సంఘ కార్యాలయములు పాతదానిని వదలకపోవుటకు అదియొక సాకు. నేడు ఎడ్జ్ బ్రౌజరులోనే అట్టివాటిని తెరచు ఏర్పాటు గలదు. కొత్త కంప్యూటరుకు నిధి లేదను సంఘములు, పాతదానిపై బ్యాంకు పనియైనను మానవలెను. సభ్యుల పొదుపు సొమ్ముకంటె కంప్యూటరు ఖరీదైనది కాదు.

ఇంట ఫోనున్నవారు ప్లే స్టోరులో క్రోమును అప్‌డేటు చేయించుకొనుడు. సొమ్ము పోయినచో సిగ్గుపడక, ఆ క్షణమే 1930కి ఫోను చేయుడు. గంట గడిచిన కొలది అది ఖాతాలు మారిపోవును.